రాత్రి పాచి

మా నాయనమ్మ ఇంట్లో పాచి ముఖంతో ఎవరికీ కాఫీ దొరికేది కాదు. పొద్దున్నే లేచి వంటింటి గడప దగ్గర నిలబడితే ఆమె ముందు మన నోటి వంక చూసేది, ఆ తర్వాతే పొయ్యి మీది గిన్నె వంక. "ముఖం కడుక్కున్నావా?" అని అడిగితే ముఖాన నీళ్ళు చల్లుకున్నావా అని కాదు, పళ్ళు తోముకున్నావా అని అర్థం, తెలుగువాళ్ళలో చాలామందికి ఇప్పటికీ అదే అర్థం. పెరటి వేపచెట్టు నుంచి చిటికెన వేలంత పుల్ల విరిచి, ఒక కొసను నమిలి కుంచెలా చేసుకుని, పది పదిహేను నిమిషాలు తోమి, చివరికి ఆ పుల్లనే నిలువునా చీల్చి, ఒక బద్దను విల్లులా వంచి నాలుక గీసుకుని, రెండు బద్దలనూ గోడ అవతలికి విసిరేస్తే గాని ఆ తంతు పూర్తయ్యేది కాదు. పుల్ల పోయి బ్రష్షు వచ్చినా, యాభై దాటిన నేను ఈనాటికీ పళ్ళు తోముకోకుండా మంచినీళ్ళు కూడా తాగలేను.

అంత నిష్ఠగా పెరిగిన మనిషిని గనుక, రెండేళ్ళ కిందట కింది దవడ పన్ను ఒకటి వారం రోజులు నిద్ర లేకుండా చేసినప్పుడు నొప్పితో పాటు నాకు కొంత అవమానంగా కూడా అనిపించింది. లవంగ నూనెలో ముంచిన దూదిని పంటి గుంటలో పెట్టుకుని ఓర్చుకున్నాను. ఎనిమిదో రోజున నొప్పి దానంతట అదే మాయమైతే, లవంగానికి దండం పెట్టుకుని ఆ సంగతే మరిచిపోయాను. లవంగ నూనెలోని యూజినాల్ కాసేపు తిమ్మిరెక్కిస్తుందే గాని పుచ్చును ఆపదనీ, అంతటి నొప్పి ఉన్నట్టుండి పోయిందంటే పన్ను లోపలి నరం చచ్చిపోయి ఉండవచ్చుననీ, అలా చచ్చిన పంటి వేరు కొసన చీము చేరుతుందనీ నాలుగు నెలల తర్వాత బుగ్గ వాచినప్పుడు గాని తెలియలేదు. ఆ పన్ను దక్కలేదు, తీసెయ్యాల్సి వచ్చింది.

"పళ్ళు ఎప్పుడు తోముకుంటారు సార్?" అని పన్ను తీసిన డాక్టరమ్మ అడిగింది. మా అమ్మాయి వయసే ఉంటుంది. "పొద్దున లేవగానే, ఏమీ నోట్లో వేసుకోకముందే" అన్నాను, కాస్త గర్వంగానే. "మరి రాత్రి?" అంది. నేను మాట్లాడలేదు. ఆమె నా పళ్ళకు గులాబీ రంగు మందు పూసి, పుక్కిలించమని, చేతికి అద్దమిచ్చింది. పాచి ఉన్నచోట ఆ రంగు పట్టుకుంటుంది, లేనిచోట నీళ్ళతో పోతుంది. ఆ రోజు పొద్దున నేను తోముకునే వెళ్ళాను. ముందు పళ్ళ ఎదురు భాగాలు, నలుగురికీ కనిపించేవి, తెల్లగానే ఉన్నాయి. చిగురు అంచు వెంబడి, దవడ పళ్ళకు నాలుక వైపున, పంటికీ పంటికీ నడుమ సందుల్లో మాత్రం కుంకుమ అద్దినట్టు ఎర్రటి చారలు. ఇన్నేళ్ళుగా నేను నా నవ్వును తోముకుంటున్నానని అప్పుడు తెలిసింది.

ఆనాటి నుంచీ పాచి అన్న మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. బావి గట్టు మీద, నీళ్ళ తొట్టి గోడలకు జారుడుగా పట్టే పొరను పాచి అంటాం. తెల్లవారి ఇంకా కడగని నోటినీ, ఊడ్వని వాకిలినీ కూడా పాచి అనే అంటాం. దంతవైద్యులు ప్లాక్ అనే పొర అచ్చంగా ఆ తొట్టి పాచిలాంటిదే: కోట్లాది సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని, తమ చుట్టూ తామే ఒక జిగురును అల్లుకుని, పంటి మీద కాపురం పెడతాయి. తొట్టిలో నీళ్ళు ఎంత తిరగబోసినా పాచి పోనట్టే నోట్లో ఎన్ని నీళ్ళు పుక్కిలించినా ఈ పొర పోదు, కుంచెతో రుద్దితేనే కదులుతుంది. శాస్త్రం చెప్పిన పదార్థానికి సరిగ్గా సరిపోయే మాట మన ఇళ్ళల్లో తరతరాలుగా ఉంది. ఉన్నా, దాన్ని మనం తెల్లవారుజాముకు కట్టేశాం. పళ్ళు తోముకోవడం మనకు స్నానం లాగా, వాకిట్లో కళ్ళాపి లాగా, రోజును శుచిగా మొదలుపెట్టే పని. రాత్రి తిన్నదాని మురికి పళ్ళ మీద ఎనిమిది గంటలు పని చేసుకుపోయాక, జరగాల్సిన నష్టం జరిగాక, దాన్ని కడిగి పవిత్రులమవుతున్నాం. రోజుకు ఒక్కసారే తోముకుంటానని ఎవరైనా మొండికేస్తే, ఆ ఒక్కసారీ రాత్రి పడుకోబోయే ముందే కావాలన్నది నా వాదన. పొద్దున పూట మానమని కాదు. నాకూ పాచి ముఖంతో కాఫీ దిగదు.

వేళ ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే పన్ను ఎలా పుచ్చుతుందో చూడాలి. పంటి పురుగు అన్న నమ్మకం ఇంకా కొన్ని ఊళ్ళలో బతికే ఉంది; వాకుడు గింజల పొగ పట్టించి, పళ్ళెంలోని నీళ్ళలో తెల్లగా రాలినవాటిని చూపించి, పురుగులు పడ్డాయని నమ్మించేవాళ్ళను నా చిన్నప్పుడు కళ్ళారా చూశాను. పుచ్చు పంట్లో పురుగేమీ ఉండదు. పాచిలోని సూక్ష్మజీవులు, ముఖ్యంగా స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే జాతి, మనం తిన్న చక్కెరను తాము తిని ఆమ్లాన్ని వదులుతాయి. సూక్ష్మజీవులు వదిలే ఆమ్లమే పన్నును కరిగిస్తుందన్న సంగతిని విల్లోబీ మిల్లర్ అనే దంతవైద్యుడు 1890లోనే వివరంగా రాశాడు. 1940లలో రాబర్ట్ స్టీఫన్ అనే అమెరికన్, గ్లూకోజు నీళ్ళు పుక్కిలించినవాళ్ళ పంటి పాచిలో ఆమ్లత ఎలా మారుతుందో నిమిష నిమిషానికీ కొలిచాడు. కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ విలువ (ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 5.5కు దిగువకు జారుతుంది, అంటే పంటి పైనుండే పింగాణి పొర కరగడం మొదలయ్యే స్థాయికి. తర్వాత లాలాజలం ఆ ఆమ్లాన్ని మెల్లగా విరిచేసి, అరగంటా గంటలో మళ్ళీ మామూలు స్థితికి తెస్తుంది, కరిగిన ఖనిజాన్ని కొంత తిరిగి అతుకుతుంది కూడా. కరగడం, అతుక్కోవడం అనే ఈ బేరం రోజంతా మన నోట్లో నడుస్తూనే ఉంటుంది, కరిగేది అతుక్కునేదాన్ని మించిపోయినచోట గుంట పడుతుంది.

నిద్రలో లాలాజలం ఊరడం దాదాపు ఆగిపోతుంది. పగలు కాపలా కాసేవాడు రాత్రి ఇంటికి వెళ్ళిపోతాడన్నమాట. పెరుగన్నం తిని, అరటిపండు తిని, దగ్గు రాకుండా పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని నిద్రపోయే మనిషి నోట్లో ఆ ఆమ్లాన్ని విరిచేవారెవరూ ఉండరు. నిద్రపుచ్చడానికి చక్కెర వేసిన పాలసీసాను నోట్లో పెట్టిన పసిపిల్లల పై ముందు పళ్ళు నాలుగూ చిగురు దాకా గోధుమ రంగు మోడుల్లా అరిగిపోయి ఉండడం చాలామంది చూసే ఉంటారు. కింది పళ్ళను నాలుక కాస్త కప్పి కాపాడుతుంది గనుక అవి అంతగా పాడవవు.

ఇక తీపి సంగతి. ఎంత తింటున్నామన్నదాని కంటే ఎన్నిసార్లు తింటున్నామన్నది పళ్ళకు ముఖ్యం. ఈ మాటకు బలమైన ఆధారం స్వీడన్‌లోని వీపెహోమ్ అనే మానసిక వికలాంగుల ఆశ్రమంలో జరిగిన పరిశోధన, 1954లో దాని ఫలితాలు వెలువడ్డాయి. తమకేం జరుగుతోందో తెలియని, కాదనలేని మనుషులకు కావాలని పళ్ళు పుచ్చేలా టాఫీలు తినిపించడం ఘోరమే, ఈనాడు ఏ దేశమూ దాన్ని ఒప్పుకోదు. అక్కడ తేలిన నిజం మాత్రం నిలిచిపోయింది: భోజనంతో పాటు చక్కెర తిన్నవాళ్ళ పళ్ళు పెద్దగా చెడలేదు, భోజనాల మధ్య జిగురు టాఫీలు నమిలినవాళ్ళ పళ్ళు దారుణంగా పుచ్చాయి. పిల్లలకు వారానికొక్కసారి, శనివారం నాడే మిఠాయి ఇచ్చే ఆచారం ఆ దేశంలో ఈ పాఠం నుంచే వ్యాపించింది. ఈ లెక్కన చూస్తే సంక్రాంతికి విస్తట్లో నాలుగు అరిసెలు తినడం పెద్ద నేరం కాదు. ఆఫీసులో పదకొండింటికొక టీ, మూడింటికొక టీ, ఐదింటికి టీతో రెండు బిస్కెట్లు, సాయంత్రం పల్లీ పట్టీ, రాత్రి టీవీ ముందు చిప్స్ అంటూ సాగదీసే మన దినచర్యే అసలు శత్రువు, ఎందుకంటే ఒక్కో గుటకతో ఆ అరగంట లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. బెల్లం మంచిదే కదా అంటారు. పంటి మీది సూక్ష్మజీవికి బెల్లమూ చక్కెరే, తేనే చక్కెరే.

మా తాతకు ఎనభై ఏళ్ళకూ పళ్ళు చెక్కుచెదరలేదు, ఆయనేం రాత్రి తోముకున్నాడా, పేస్టు వాడాడా అన్న ఎదురుప్రశ్న ఈ వాదనకు ప్రతిసారీ వస్తుంది. ఆ తాత కాలంలో టీ బిస్కెట్లు లేవు, పంచదార పండక్కి కొనే సరుకు. ఆయన పుల్లతో పదిహేను నిమిషాలు తోమేవాడు, మనం బ్రష్షుతో నలభై సెకన్లు. ఇంకొక సంగతి, గట్టి పళ్ళున్న తాత గుర్తుంటాడు గాని పళ్ళూడిన నాయనమ్మ ఎవరికీ గుర్తుండదు. పాచి ముఖానికి కాఫీ ఇవ్వని మా నాయనమ్మకు అరవై నిండేసరికి నోట్లో ఒక్క పన్ను లేదు. ఆమె మంచం కింద అరచేతిలో పట్టేంత ఇత్తడి రోలు ఉండేది. భోజనమయ్యాక అందులో తమలపాకూ వక్కా సున్నమూ వేసి, టంగు టంగున దంచి, ఆ ముద్దను దవడన పెట్టుకునేది. మధ్యాహ్నం నిద్రకు పడుకున్న పిల్లలందరికీ ఆ చప్పుడే జోలపాట. పళ్ళు లేక దంచుకుంటోందన్న ఆలోచన మాకెవరికీ రాలేదు, ముసలితనమంటే అదేననుకున్నాం.

ఆమె పళ్ళు పుచ్చి ఊడలేదు, కదిలి ఊడాయి. అది చిగుళ్ళ జబ్బు. పాచిని రోజూ తీయకపోతే లాలాజలంలోని ఖనిజాలు చేరి కొద్ది రోజుల్లోనే అది గారగా గట్టిపడుతుంది. కింది ముందు పళ్ళ వెనక గార ఎక్కువ, ఎందుకంటే లాలాజల గ్రంథి నాళం తెరుచుకునేది సరిగ్గా అక్కడే. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే పరిశోధకుడు ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మందిని పళ్ళు తోముకోవడం మానమన్నాడు. మూడు వారాల లోపే అందరి చిగుళ్ళూ వాచి రక్తం కారాయి, మళ్ళీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మామూలయ్యాయి. చిగురు నుంచి రక్తం వస్తోందని బ్రష్షును అటు పోనివ్వకుండా జాగ్రత్తపడేవాళ్ళు, అంటే మనలో చాలామంది, సరిగ్గా తోమాల్సిన చోటునే వదిలేస్తున్నారన్నమాట. మెత్తని బ్రష్షును చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, నెమ్మదిగా కదిలిస్తూ రోజూ తోమితే మొదటి నాలుగు రోజులు రక్తం వస్తుంది, తర్వాత ఆగుతుంది. ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మధుమేహం ఉన్నవాళ్ళయితే మరీ త్వరగా వెళ్ళాలి, చక్కెర అదుపు తప్పితే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళు చెడితే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని భయపడేవాళ్ళు తెలుసుకోవలసింది, అప్పటికే వదులైన పళ్ళను గార గోడలా పట్టుకుని ఉంటుంది. గోడ తీస్తే కదలిక బయటపడుతుంది, సందులు కనిపిస్తాయి. ఆ గోడను అలాగే ఉంచితే కింద ఎముక కరుగుతూనే పోతుంది.

ఫ్లోరైడు మాట ఎత్తితే మా ఆవిడ పుట్టింటివాళ్ళు ఉలిక్కిపడతారు. వాళ్ళది నల్లగొండ జిల్లా, మునుగోడు దగ్గర. ఆ ప్రాంతంలో తాగునీటిలోని ఫ్లోరైడు మితిమీరి ఒక తరం మొత్తానికి పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు, కొందరికి వంగిపోయిన వెన్నెముకలు, మరికొందరికి దొడ్డికాళ్ళు. మన దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును మొదట గుర్తించింది కూడా తెలుగునేల మీదే, 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి పరిసరాల్లో. నీళ్ళలోంచి ఫ్లోరైడును పటిక, సున్నాలతో విడదీసే పద్ధతికి నాగపూరులోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ పెట్టిన పేరు నల్లగొండ పద్ధతి. ఇప్పుడు ఇళ్ళకు కృష్ణా నీళ్ళు వస్తున్నా మా బావమరిది నోరు తెరిచి నవ్వడు, పేస్టు డబ్బా మీద ఫ్లోరైడు అన్న అక్షరాలు కనిపిస్తే ఇంట్లోకి రానివ్వడు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. అయినా ఆయనతో ప్రతి పండక్కీ వాదిస్తూనే ఉంటాను.

ఆ మచ్చలు పన్ను దవడ ఎముక లోపల తయారవుతున్నప్పుడు, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపు, కడుపులోకి పోయిన ఫ్లోరైడు వల్ల ఏర్పడతాయి. పైకి వచ్చేసిన పంటి మీద పేస్టు వల్ల ఏర్పడవు. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడున్న బావి నీళ్ళను రోజుకు 3 లీటర్లు తాగిన మనిషి ఒంట్లోకి 15 మిల్లీగ్రాములు పోతాయి. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడు పరిమితి 1000 పీపీఎమ్, అంటే గ్రాముకు 1 మిల్లీగ్రాము. బఠాణీ గింజంత పేస్టులో పావు మిల్లీగ్రాము ఉంటుంది, దాన్ని కూడా ఉమ్మేస్తాం. పంటి పైపైన తగిలే ఆ కొద్దిపాటి ఫ్లోరైడు, కరిగిన పింగాణిని తిరిగి అతికించే పనిని వేగిరపరిచి, ఆమ్లానికి తొందరగా లొంగని పొరను ఏర్పరుస్తుంది. మింగడం తప్ప ఉమ్మడం చేతకాని పసివాళ్ళకు మూడేళ్ళ దాకా బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు. ప్రకటనల్లో బ్రష్షు ఈ కొస నుంచి ఆ కొస దాకా వంపులు తిరిగే పేస్టు అమ్మకం కోసమే. తాగునీటిలో ఇప్పటికీ ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో పసిపిల్లల పేస్టు గురించి డాక్టరును అడగడం మంచిదే, అంతవరకు బావమరిదితో ఒప్పుకుంటాను.

ఆ ప్రకటనల గురించే ఇంకొక మాట. ఉప్పుతోనూ బొగ్గుతోనూ తోముకునేవాళ్ళను ఒకప్పుడు ఎగతాళి చేసి, ఇప్పుడు అదే ఉప్పునూ బొగ్గునూ గొట్టంలో కూరి మనకే అమ్ముతున్నారు. గరుకు పొడులతో, గట్టి బ్రష్షుతో అడ్డంగా రంపపు కోత కోసినట్టు తోమితే చిగురు పక్కన పన్ను గాడి పడుతుంది, చల్లనీళ్ళు తగిలితే ప్రాణం పోతుంది. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని ఊరికే అనలేదు.

పిల్లల విషయంలో నేను చేసిన తప్పు ఒకటుంది. మా అమ్మాయికి ఏడో ఏట దవడ పన్ను నల్లబడితే, పాలపళ్ళే కదా, ఊడిపోయి కొత్తవి వస్తాయిలే అనుకున్నాను. అది పాలపన్ను కాదు. ఆరేళ్ళ ప్రాయంలో, ఉన్న పాలపళ్ళేవీ ఊడకుండానే, వాటి వెనక ఖాళీలో నాలుగు శాశ్వత దవడ పళ్ళు చడీచప్పుడు లేకుండా మొలుస్తాయి. ఊడిన పన్ను ఉండదు గనుక తల్లిదండ్రులు గమనించరు. లోతైన గాళ్ళతో, అందని మూలన ఉండే ఆ పళ్ళే అన్నిటి కంటే ముందు పుచ్చుతాయి, జీవితాంతం నమలవలసిందీ వాటితోనే. ఆ గాళ్ళను పూడ్చి సీల్ చేసే పని పది నిమిషాల్లో, సూది లేకుండా అయిపోతుంది. నాకు తెలిసేసరికి మా అమ్మాయి పన్నుకు రూట్ కెనాలూ క్యాపూ పడ్డాయి. ఆ బిల్లుతో ఇంటిల్లిపాదికీ పదేళ్ళపాటు బ్రష్షులూ పేస్టూ వచ్చేవి. పాలపళ్ళను మాత్రం వదిలెయ్యవచ్చా అంటే అదీ కాదు. దవడన ఉండే పాలపళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉండి తమ కింద పెరిగే శాశ్వత పళ్ళకు చోటు కాపలా కాస్తాయి, అవి ముందే పోతే కొత్తవి వంకర తిరుగుతాయి.

మన పాత అలవాట్లలో నేను నెత్తిన పెట్టుకునేది ఒకటుంది, ఎంగిలి నోరు కడుక్కోవడం. తిన్న వెంటనే లేచి, చెంబుతో నీళ్ళు పట్టి, నాలుగుసార్లు పుక్కిలించి ఉమ్మడం వల్ల చక్కెరా మెతుకులూ చాలావరకు కొట్టుకుపోతాయి. టిష్యూ కాగితంతో మూతి తుడుచుకుని కుర్చీలోనే కూర్చునే అలవాటు వచ్చాక అది పోయింది. పులిహోరో నిమ్మరసమో తీసుకున్న వెంటనే బ్రష్షు పట్టకుండా అరగంట ఆగాలి, పులుపుకు మెత్తబడిన పింగాణి రుద్దితే అరుగుతుంది. పుక్కిలించడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. చిక్కల్లా రాత్రి తోముకున్నాక కూడా అదే నిష్ఠతో నాలుగు చెంబుల నీళ్ళు పుక్కిలించడంతో వస్తోంది, పంటి మీద నిలవాల్సిన ఫ్లోరైడంతా తూములోకి పోతుంది. నురుగు ఉమ్మేసి ఊరుకోవాలి.

ఈ సంగతిని మా అమ్మకు ఒప్పించడం నా వల్ల కావడం లేదు. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు, పంతొమ్మిది పళ్ళు మిగిలాయి, అద్దంలో అప్పుడప్పుడూ లెక్కపెట్టుకుంటుంది. రాత్రి తోముకోమని మొదట్లో బతిమాలితే, "పడుకోబోయేటప్పుడు ఎవరికి చూపించడానికిరా ఈ పళ్ళు?" అనేది. పటికబెల్లం మాన్పించి మంచం పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు తొమ్మిదింటికల్లా తనే బ్రష్షు తీసుకుని పెరటి కొళాయి దగ్గర నిలబడుతుంది. నిన్న తోముకోవడం అయిపోగానే చెంబు అందుకోబోతే నేను పట్టుకున్నాను.

"అమ్మా, ఉమ్మేసి వచ్చెయ్, నీళ్ళు వద్దు."

"ఎంగిలి నోటితో పడుకోమంటావట్రా?" అని, నా చేతిలోంచి చెంబు లాక్కుని, ఒక్క పుక్కిలి మాత్రం పట్టి, నా వంక చూస్తూ ఉమ్మింది.